ప్రాక్టికల్ పరీక్షలో శవం

“నువ్వు కాలేజీలో చేరాలి,” అన్నాడు చీఫ్.

ఏజెంట్ నవ్వాడు. చీఫ్ నవ్వలేదు.

“ఫోరెన్సిక్ సైన్స్, మొదటి సంవత్సరం. విదేశీ ముఠా వాడే విషాన్ని అక్కడి ప్రొఫెసర్ పట్టేసింది. సోమవారం కోర్టులో ఆవిడ సాక్ష్యం. అందాకా ఆవిడ ప్రాణం నీ పూచీ. తోడుగా మన అమ్మాయి ఒకతె అదే క్లాసులో ఉంటుంది.”

“నలభై దాటాయి సార్ నాకు!”

“జుట్టుకి రంగేసుకో.”

రంగేసుకున్నా క్లాసంతా అతన్ని బాబాయ్ అనే పిలిచింది. తుపాకులూ మారువేషాలూ కొట్టినపిండే గానీ, వేలిముద్రలు మాత్రం ఒక పట్టాన బుర్రకెక్కలేదు. ప్రొఫెసర్ మేడమ్ రోజూ క్లాసయ్యాక కూర్చోబెట్టి, తిట్టుకుంటూనే మళ్లీ మొదటినుంచీ చెప్పేది. అతన్ని అంత ఓపిగ్గా భరించినవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు.

శుక్రవారం ప్రాక్టికల్ పరీక్ష. ఉత్తుత్తి క్రైమ్ సీన్‌లో శవంగా ఒకరు పడుకోవాలి. మేడమ్‌కి అడుగు దూరంలో ఉండొచ్చు కదా అని అతనే ముందుకొచ్చాడు.

మెడ మీద గాయం మేకప్ వేసింది తోడుగా వచ్చిన అందగత్తె. ఎర్రరంగు పూస్తూ చెవిలో గుసగుసలాడింది.

“సారీ బాస్, నేను అవతలి పార్టీ. ఈ రంగులో మందు కలిపాను. కాసేపు కాలూచెయ్యీ ఆడదు, నోరు పెగలదు. మేడమ్ గ్లవ్స్ లోపల రాసింది వేరే మందు. అది తగిలితే ఇక లేవడమంటూ ఉండదు.”

చొక్కా గుండీలో అలారం ఉంది. నొక్కడానికి వేలు కదల్లేదు. అరవబోతే గొంతు పూడుకుపోయింది.

క్లాసు బిలబిలా లోపలికొచ్చింది.

“అబ్బ! బాబాయ్ ఏం జీవిస్తున్నాడ్రా!”

“జీవించడమా? చస్తుంటేనూ!”

ఒకడు టేపుతో కొలిచాడు. ఒకతె ఫొటోలు తీసింది. ఇంతమంది మధ్య ఒక్కరికైనా చెప్పుకునే దారి లేదు. మేడమ్ తొడుక్కోవడానికి తన గ్లవ్స్ అందుకుంది. కుడిచేతి గ్లవ్ అంచు సాగదీసింది.

వద్దు తల్లీ, వద్దు! లోపల ఎంత మొత్తుకున్నా పెదవి కూడా అదరలేదు. ఎన్ని కాల్పుల్లోంచి బయటపడ్డాడో లెక్కలేదు, ఇప్పుడు ఇంతమంచి మనిషి కళ్లముందే చచ్చిపోతుంటే చూస్తూ పడుకోవాలి. ఏమీ చేతగాక ఏడ్చేశాడు.

“మేడమ్! శవం ఏడుస్తోంది!”

అందరూ గొల్లుమన్నారు. మేడమ్ నవ్వలేదు. గ్లవ్ పక్కన పడేసి, ఉత్తి వేళ్లతోనే సగం మూతపడ్డ అతని కనురెప్ప ఎత్తి టార్చి కొట్టింది. ఆవిడ మొహంలో రంగు మారింది.

“ఇది నటన కాదర్రా! తలుపు మూయండి! ఎవరూ ఏదీ ముట్టుకోవద్దు. ఇప్పుడిది నిజం క్రైమ్ సీన్!”

అందగత్తె తలుపు వైపు దూసుకెళ్లింది. క్లాసు క్లాసంతా అడ్డం పడి పట్టుకుంది.

సోమవారం సాక్ష్యం చెప్పి, కోర్టు నుంచి నేరుగా ఆసుపత్రికొచ్చింది మేడమ్. అతని చెయ్యి పట్టుకుంది.

“నా ప్రాణం నిలబెట్టావు నాయనా.”

“అయితే ప్రాక్టికల్ పాసేనా మేడమ్?” ఆశగా అడిగాడు.

“ఎలా కుదురుతుంది? శవం ఏడవకూడదు. సప్లిమెంటరీ రాసుకో.”