మూల కంప్యూటర్‌లో ఎక్కువైన కుటుంబం

మా వదిన పనిచేసే యూనివర్సిటీ డిపార్ట్‌మెంట్ కింద, నేలమాళిగలో ఒక గది ఉంది. ఆ గదిలో చివరి మూల, చెమ్మ కారే పైపు కింద ఉన్న కంప్యూటర్ దగ్గర చీకటి పడ్డాక ఎవరూ కూర్చోరు. పగలు కూర్చున్నవాళ్ళు కూడా పనవగానే కుర్చీ సరిగ్గా జరపకుండానే లేచిపోతారు.

పైన సాఫీగా నడిచిన లెక్క అక్కడికొచ్చి చచ్చిపోతుందట. పైపు నిట్టూరుస్తుందట. సొరుగులో ఒక కళ్ళజోడు ఉందట — ఎవరిదో తెలీదు... ఎవరూ ముట్టుకోరు.

ఇదంతా వదిన చెప్పగా విన్నదే. ఆవిడ దయ్యాలను నమ్మే మనిషి కాదు. దయ్యం ఎదురైతే ముందు, "ఈ మంచులో తలకేమీ కప్పుకోకుండా తిరుగుతున్నావేంటి?" అని అడిగే రకం.

ఆవిడ పరిశోధన తల్లుల కంగారు మీద. ఎవరు అప్పగించారో గానీ మనిషిని చూసే అప్పగించారు. కంగారును తూచడానికి కాటా లేదు, అది కంటికి కనపడదు. కాబట్టి కనపడే వాటిని అడగాలి. రాత్రి ఎన్నిసార్లు లేచి పిల్లల్ని చూస్తారు? బయటికెళ్తే ఇంటికి ఎన్నిసార్లు ఫోన్ చేస్తారు? పిల్లలు పిలిస్తే రోజుకు ఎన్నిసార్లు ‘ఒక్క నిమిషం’ అంటారు? ఆ జవాబులన్నీ సాఫ్ట్‌వేర్‌లో పోసి, తెరమీద గుండ్రాలు గీసి, వాటి మధ్య బాణాలు వేస్తే, ఆ కనపడని కంగారు పిల్లల నిద్రను ఎంత చెడగొడుతోందో అది తేలుస్తుంది. కనపడని దాన్ని, అది వదిలిన జాడల్ని బట్టి పట్టుకోవడమన్నమాట. నాకు అర్థమైనంతలో ఇదీ ఓ రకం భూతవైద్యమే.

శుక్రవారం పొద్దున్నకల్లా డిపార్ట్‌మెంట్ పెద్ద మేడమ్‌కు ఫలితాలు ఇవ్వాలి. ఇవ్వలేకపోతే ఉద్యోగం పొడిగించరు. అంటే మళ్ళీ ఊరు మారాలి. నా మేనకోడలికి — గువ్వ అంటాం — ఇది అప్పటికే మూడో బడి. ఈ బడిలోనే దానికి మొదటిసారి ఒక స్నేహితురాలు దొరికింది.

ఇంట్లో లాప్‌టాప్‌లో, ట్రయల్ వెర్షన్ మీద, మోడల్ చక్కగా నడిచింది. పూర్తి లెక్క మాత్రం ఆ మూల కంప్యూటర్‌లోనే చెయ్యాలి. లైసెన్సు దానికొక్కదానికే ఉంది. పగలు దాని మీద క్లాసులు నడుస్తాయి కాబట్టి వదినకు రాత్రులే మిగిలాయి.

సోమవారం రాత్రి కిందికి దిగింది. ముందు ఇంటికి ఫోన్. "ఏమండీ, తలుపు వేసుకున్నారా? దానికి చెవులు కప్పారా? సరిగ్గా కప్పారా?"

"కప్పాను," అన్నాడు అన్నయ్య. "తలుపుకు కూడా కప్పమంటావా?"

వదిన ఫోన్ పెట్టేసి, గుండ్రాలూ బాణాలూ మళ్ళీ గీసుకుని, బాగా పొద్దుపోయాక లెక్క నడిపించింది. తెరమీద అంకెలు గిరగిరా తిరిగాయి... తిరిగాయి... ఆగిపోయాయి.

ఎర్ర అక్షరాలు. ఒక చోట హెచ్చుతగ్గుల కొలత సున్నా కన్నా తక్కువ వచ్చింది. పంచదార డబ్బాలో సున్నా కన్నా తక్కువ పంచదార ఉందన్నట్టు! అలాంటిది లోకంలో ఉండదు.

బాణాలు సరిచూసింది. పేర్లు సరిచూసింది. అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. అప్పుడు పై వరసలో కుటుంబాల సంఖ్య మీద కన్ను పడింది.

తన దగ్గరున్న వాటికన్నా — ఒకటి ఎక్కువ.

వెతికితే దొరికింది. ‘ఒక్క నిమిషం’ గడి నిండా తొమ్మిదులే ఉన్న కుటుంబం. ఆ వరస తీసేసి మళ్ళీ నడిపింది.

ఆ కుటుంబం మళ్ళీ వచ్చి కూర్చుంది.

పక్క బల్ల దగ్గర ఇంకో రీసెర్చ్ స్కాలర్ ఉన్నాడు. అందరూ గడ్డం అంటారు, గడ్డమే ఎక్కువ కనపడుతుంది కాబట్టి. అతను తొంగిచూశాడు.

"జవాబు రానిచోట తొమ్మిదులు పెడతారు కదా అక్కా. అదేనేమో?"

"నేను ఖాళీగా వదులుతాను."

గడ్డం మెట్లవైపు ఒకసారి చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఈ కుర్చీలో ఇంతకుముందు ఒకాయన కూర్చునేవాడట," అన్నాడు. "లెక్క తెగక... ఓ రాత్రి అలా లేచి వెళ్ళిపోయాడట. కళ్ళజోడు కూడా తీసుకెళ్ళలేదు."

"కళ్ళజోడు లేకుండా మెట్లెలా ఎక్కాడు పాపం?"

"అదే కదక్కా! ఎక్కినట్టు ఎవరూ చూళ్ళేదు..." అంటూనే బ్యాగు భుజాన వేసుకుని మెట్లు రెండేసి చొప్పున ఎక్కేశాడు.

మంగళవారం రాత్రి ఎక్కువైన కుటుంబాలు రెండయ్యాయి. బుధవారం మూడు. అన్నింటికీ అవే తొమ్మిదులు. తీసేస్తే తిరిగొస్తున్నాయి, వచ్చేటప్పుడు తోడు తెచ్చుకుంటున్నాయి. ఇంటికెళ్ళి లాప్‌టాప్‌లో చూస్తే ఒక్కటీ లేదు! మొత్తం డిపార్ట్‌మెంట్‌లో ఆ ఒక్క మూలలోనే.

గురువారం. ఆఖరి రాత్రి. గడ్డానికి ఆ రోజు మధ్యాహ్నం నుంచే తలనొప్పట, రాలేదు.

వదిన ఒక్కతే. ఎప్పటిలాగే ఇంటికి ఫోన్ చేసి తలుపూ చెవులూ అడిగింది. తర్వాత కుటుంబాలను లెక్కపెట్టింది. మూడే. హమ్మయ్య, ఈ రోజు కొత్తది రాలేదు అనుకుని మళ్ళీ నడిపింది.

నాలుగు.

కళ్ళముందే! గదిలో తను తప్ప ఎవరూ లేరు. పైన పైపు ఒక్కసారి నిట్టూర్చింది.

లెక్కకు అంకెలే కావాలి కాబట్టి అంతవరకూ వదిన అంకెలే చూసింది. ఆ కుటుంబాలను వరసగా పెట్టుకుని, కుడివైపుకి... ఇంకా కుడివైపుకి జరుపుతూ పోయింది. చిట్టచివర, ‘మీరు ఇంకేమైనా చెప్పాలనుకుంటే’ అన్న గడి ఉంది. వందల కుటుంబాలు ఖాళీగా వదిలేసిన గడి అది.

ఈ నాలుగూ వదల్లేదు.

మొదటిది: ఇంకా అక్కడే ఉన్నావా?

వదిన కింది వరసకు దిగింది.

రెండోది: నేను రాసింది నీకు కనపడుతోందా?

మూడోది: నాకు నిద్ర రావట్లేదు.

నాలుగోది — ఇప్పుడే, తను చూస్తుండగా వచ్చినది...

తలుపు వేసుకున్నావా?

వదిన వెనక్కి తిరిగింది. తలుపు ఓరగా తెరిచి ఉంది. మెట్ల మీద చీకటి. ఏం చెయ్యాలో తోచక, చెయ్యి దానంతట అదే మళ్ళీ మీట నొక్కింది.

అయిదు.

చెవులు కప్పుకున్నావా? సరిగ్గా కప్పుకున్నావా?

రెండు క్షణాలు పట్టింది. తర్వాత మా వదిన ఆ నేలమాళిగలో, తడి పైపు కింద, కళ్ళల్లోంచి నీళ్ళు కారేలా నవ్విందట. నవ్వేనా అని నేను అడగలేదు.

ఇంటికి ఫోన్ చేసింది. మొదటి రింగుకే ఎత్తింది గువ్వ.

"నాన్నేడీ?"

"కథ చెప్తూ చెప్తూ నిద్రపోయాడు. రోజూ అంతే," అంది గుసగుసగా. "అమ్మా, కనపడిందా? నేను రాసింది కనపడిందా?"

"కనపడింది తల్లీ. అందులో ఎందుకు రాశావే?"

"పనిలో ఉన్నప్పుడు నీకు ఫోన్ చెయ్యొద్దన్నాడు నాన్న. నువ్వేమో రాత్రంతా ఆ జవాబులే చూస్తూ కూర్చుంటావట కదా. అందుకని జవాబుల్లో రాశా."

ప్రశ్నలు తయారుచేసిన కొత్తలో, చదివితే అర్థమవుతున్నాయా లేదా అని వదినే వాటిని గువ్వ చేత చదివించింది. ఆ ఆన్‌లైన్ ఫారం లింకు ఇంట్లో పాత ఫోన్‌లో అలాగే ఉంది. జవాబులన్నీ వచ్చేశాయి కదా అనుకుందే గానీ, ఫారం మూయడం వదిన మర్చిపోయింది. లాప్‌టాప్‌లో ఉన్నది ఎప్పుడో దాచుకున్న కాపీ. మూల కంప్యూటర్ మాత్రం, మొదట్లో తనే చేసిన ఏర్పాటు ప్రకారం, నడిపించిన ప్రతిసారీ నెట్‌లోంచి జవాబులను కొత్తగా తెచ్చుకుంటోంది. పాపం, చెప్పిన పనే చేసింది.

ఫారం మూసేసింది. అయిదు కుటుంబాలనూ తీసేసింది. ఈసారి అవి తిరిగి రాలేదు. అంకెలు తిరిగి తిరిగి బుద్ధిగా ఒకచోట కుదురుకున్నాయి. పొద్దున్నే మేడమ్‌కు ఫలితాలు ఇచ్చి, ఏం తీసేసిందో ఎందుకు తీసేసిందో కూడా చెప్పింది. మేడమ్ నవ్వి, కిందికి దిగి చూసి, సొరుగులో కళ్ళజోడు తీసి పెట్టుకుంది. ఆవిడదేనట! ఏడాదిగా వెతుకుతోందట.

గువ్వ బడి మారలేదు.

ఆ రోజు సాయంత్రం తల దువ్వుతూ వదిన అడిగింది. "అది సరేగానీ, ‘ఒక్క నిమిషం’ అని నేను రోజుకు అన్నిసార్లు అంటానా? గడి నిండా తొమ్మిదులు పెట్టావు?"

గువ్వ అద్దంలోంచి తల్లి వైపు చూసింది.

"అన్నే పట్టాయమ్మా."