వేడినీళ్ల కొలనులో ఏజెంట్ ఉరుకుందు

"ఆడికి పిస్టల్ రాదు. మైక్ రాదు. కెమెరా రాదు. నువ్వొక్కనివే పోవల్ల," అన్నాడు చీఫ్ సేతుమాధవరావు.

ఢిల్లీలో బోర్డు లేని ఆఫీసు అది. చీఫ్‌ది మంత్రాలయం, ఎదురుగా కూర్చున్న ఏజెంట్ ఉరుకుందుది దేవనకొండ. తలుపు మూశాక ఇద్దరూ ఇంటి మాటే మాట్లాడుకుంటారు.

"యాడికి సార్?"

"ఐస్‌లాండ్. రెక్యావిక్‌లో ఆరుబయట వేడినీళ్ల స్విమ్మింగ్ పూల్. టికెట్ కొని ఎవరైనా పోవచ్చు. శనివారం ఆడికి మంజునాథ్ వస్తాండాడు."

మంజునాథ్ ఎమ్మిగనూరు ఇంజనీరు. తుంగభద్ర మీద ఒక డ్యాం గేట్లను కంప్యూటర్‌తో ఎత్తే కోడ్ దొంగిలించి మాయమయ్యాడు. కొనేది విదేశీ ముఠా. వానాకాలంలో గేట్లన్నీ ఒకేసారి ఎత్తేయడం వాళ్ల ప్లాన్. ఆ నది గట్టునే ఉన్న బడిలో ఉరుకుందు భార్య మహాదేవి పిల్లలకు లెక్కలు చెబుతుంది. ఆ సంగతి చీఫ్ ఎత్తలేదు. ఎత్తాల్సిన పనీ లేదు.

"సర్జరీతో మొగం మార్చుకున్నాడు. రాగి జుట్టు, నీలం లెన్సులు, ఇటలీ పాస్‌పోర్టు. లాకర్ తాళం కోసం చేతికి రబ్బరు బ్యాండు ఇస్తారు గదా, కోడ్ దాంట్లో పెట్టి స్వప్నకు ఇస్తాడు. స్వప్న ముఠాలో ఉండే మన మనిషి. ఆమె చేతికి చేరితే పక్కనుండే నాయకునికి ఇయ్యక తప్పదు. ఇయ్యకుంటే ఆయమ్మ ప్రాణం తీస్తారు. ఆమెకు చేరకముందే నువ్వు పట్టుకోవల్ల."

"వాణ్ణి గుర్తుపట్టేదెట్ల సార్?"

"అది తెలిస్తే నిన్నెందుకు పంపుతానప్పా?" చీఫ్ గొంతు సవరించుకున్నాడు. "ఇంగొక మాట. పూల్‌లోకి దిగేముందు స్నానం చేయల్ల. బట్టల్లేకుండా. అందరి ముందర."

ఉరుకుందు పరాయి దేశపు జైళ్లు బద్దలు కొట్టుకుని వచ్చిన మనిషి. ఆ మాటకు మాత్రం అతనికి చెమట పట్టింది.

శనివారం షవర్ల గదిలో అడుగుపెట్టేసరికి సగం ప్రాణం పోయింది. తాతలు, మనవలు, అందరూ పుట్టినప్పటి వేషంలో నిలబడి వాతావరణం గురించి కబుర్లు చెప్పుకుంటున్నారు. పొలంలో బోరు కింద ఒంటరిగా ఉన్నా డ్రాయరు విప్పని ఉరుకుందు, డ్రాయరుతోనే షవరు కింద దూరాడు.

ఈలతో కాపలావాడు ప్రత్యక్షమయ్యాడు. "నో అండర్‌వేర్! టేక్ ఆఫ్!" అని గది మారుమోగేలా అరిచి, ఎక్కడెక్కడ సబ్బు రుద్దాలో గోడ మీది బొమ్మలో వేలు పెట్టి చూపించాడు. తాతలందరూ ఇటు తిరిగారు. ఉరుకుందు విప్పాడు. సిగ్గుతో చచ్చిపోయాడు. ఒంటి మీద మిగిలింది ఆదోని బజారులో కొన్న నల్ల మొలతాడు ఒక్కటే. కొత్తది కట్టుకోకుండా పాతది తెంపకూడదని చిన్నప్పుడే నేర్పిన ఊరు అతనిది.

రెండు చేతులూ అడ్డం పెట్టుకుని తలెత్తాడు. అందరూ నవ్వుతున్నారు. ఒక్కడు మాత్రం గోడకు ముఖం పెట్టి స్నానం చేస్తున్నాడు. రాగి జుట్టువాడు. ఇంత సిగ్గు పడే ఇటలీవాడెవడు? అతను సబ్బు కోసం వంగాడు. నడుముకు, వెలిసిపోయిన ఎర్ర మొలతాడు.

అతనూ వెనక్కి చూశాడు. నీలం కళ్లు ఉరుకుందు నడుము మీద ఆగాయి. ఇద్దరికీ అర్థమైపోయింది.

మంజునాథ్ నిక్కరు లాక్కుని, ఎక్కించుకుంటూనే బయటికి పరుగెత్తాడు. ఉరుకుందు నిక్కరు గదికి ఆ చివర కొక్కేనికి వేలాడుతోంది. దాని దగ్గర కాపలావాడు. తెచ్చుకుని వేసుకునే టైం లేదు. గట్టు మీది బడి గుర్తొచ్చింది.

అలాగే పరుగెత్తాడు.

బయట మంచు. పూల్ నిండా ఆవిరి, ఆవిరి నిండా కుటుంబాలు. ఒక ముసలావిడ మనవరాలి కళ్లు మూసింది, తనవి మాత్రం మూసుకోలేదు. మూలన ఎర్రటి స్విమ్‌సూట్‌లో స్వప్న, పక్కన బోడిగుండు నాయకుడు. మంజునాథ్ నీళ్లలో దూకి ఈదుతూ వెళ్లి బ్యాండు ఊడదీసి చెయ్యి చాచాడు. స్వప్న ఎర్ర గోళ్లు బ్యాండును తాకబోయాయి.

ఉరుకుందు గట్టు మీంచి దూకాడు. బ్యాండు లాక్కుని, పళ్లతో చీల్చి, లోపలి చిప్‌ను నమిలేశాడు.

అందరికంటే గట్టిగా కేక పెట్టింది స్వప్నే. అసహ్యం నటిస్తూ తన టవలు అతని ముఖాన విసిరింది. జన్మలో ఏ ఆయుధమూ అతనికి అంతగా పనికిరాలేదు. బోడిగుండు నాయకుడు ఆమెను చెయ్యి పట్టి లేపి గుంపులో జారుకున్నాడు. ఆమె మీద అనుమానం రాలేదు.

మంజునాథ్ చెయ్యి ఉరుకుందు వదల్లేదు. కాపలావాడు పిలిచిన పోలీసులు వ్యానులో ఇద్దరికీ చెరొక దుప్పటి కప్పారు.

"పేరు మార్చుకుంటివి, మొగం మార్చుకుంటివి," అన్నాడు ఉరుకుందు. "ఊర్లకూర్లు ముంచేకి ఒప్పుకుంటివి. మొలతాడు తెంపేకి సేతులు రాలేదా?"

మంజునాథ్ తల వంచాడు. "మాయమ్మ కట్టిందన్నా. ఆయమ్మ పోయినాక ఇంగ తెంపబుద్ధి కాలేదు." దుప్పట్లో ముఖం దాచుకున్నాడు. "సిగ్గయితాంది."

"ఇప్పుడా?" అన్నాడు ఉరుకుందు. అతనికీ సిగ్గుగానే ఉంది. ఒంటి గురించి కాదు, వీడు మనోడైనందుకు.

రాత్రి చీఫ్ ఫోను. "శభాష్! పూల్ గట్టు మీది సీసీ కెమెరా వీడియో వచ్చింది. పెద్దల మీటింగ్‌లో స్క్రీన్ మీద వేసినారు."

"ఎంతమంది సూసినారు సార్?"

"హాలు నిండా ఉండ్రి. మెడల్ ఇస్తారంట. దాంతో ఇచ్చే సైటేషన్ కాగితంలో నీ గురించి ఏం రాయల్లని అడుగుతాండారు."

ఉరుకుందు నడుము మీది మొలతాడు తడుముకున్నాడు.

"యూనిఫాంలో లేడని రాయించండి సార్."