తెల్లమట్టి దాచిన నీళ్ళు

తెరమీద స్లయిడ్ చూసి నేను లేచి నిలబడ్డాను.

రాతి కడీలు. వాటిమీద పందిరి. పందిరి నిండా ద్రాక్ష గుత్తులు. కింద గరుకు ఇసుకనేల. శంషాబాద్ పక్కన మా నాయన తోట అచ్చం అలాగే ఉండేది.

"మా తోట ఫొటో ఈమెకెట్లా దొరికింది?" అని తెలుగులో గొణుక్కున్నాను.

స్లయిడ్ మార్చబోతున్న లెక్చరర్ చెయ్యి ఆగింది. ముప్పై అయిదు దాటి ఉంటాయి. బూడిదరంగు స్వెటర్, మెడ పక్కగా జారిన జడ.

"మీ తోట కాదు సార్. ఉత్తర పోర్చుగల్. మిన్యో అంటారు," అంది, తెలుగులోనే. "కూర్చోండి. వెనకవాళ్ళకి అడ్డంగా ఉన్నారు."

క్లాసులో మిగతావాళ్ళు మా ఇద్దరి మొహాలూ చూశారు. నేను కూర్చున్నాను.

అది న్యూజెర్సీలో ఒక కౌంటీ కాలేజీ. పంతొమ్మిదివందల ఎనభై అయిదు. శనివారం మధ్యాహ్నాలు డబ్బు కట్టినవాళ్ళకి చెప్పే క్లాసు. స్పెయిన్, పోర్చుగల్ వైన్లు. ఒక్కో ప్రాంతం వైన్‌కి ఒక్కో రుచి ఎందుకు వస్తుంది, నేల వల్లనా, ఎండ వల్లనా, ద్రాక్ష వల్లనా అన్నది విషయం.

నాకు నూవర్క్‌లో లిక్కర్ షాపు ఉంది. చుట్టుపక్కలంతా పోర్చుగీసువాళ్ళు. వచ్చి ఏదో పేరు చెప్పి, పోయినసారి ఇచ్చింది బాగాలేదంటారు. ఏది బాగుంటుందో నాకు తెలియదు. నేను తాగను. రుచి చూసి బకెట్‌లో ఉమ్మేయవచ్చని చెబితే క్లాసులో చేరాను.

నా భార్య నర్సు. ఆమె వీసా మీదే నేను ఈ దేశం వచ్చాను. నాలుగేళ్ళ కిందట కాన్సర్‌తో పోయింది. చూడటానికి వచ్చినవాళ్ళలో చాలామంది ఒకటే మాట అన్నారు. కష్టం మనిషిని పెద్దవాణ్ణి చేస్తుందట. అన్నవాళ్ళెవరో నాకు గుర్తుంది. మళ్ళీ వాళ్ళ గడప తొక్కలేదు.

అందుకే ఆ రోజు చివర్లో లెక్చరర్ అన్న మాటకి నాకు ఒళ్ళు మండింది.

"పోర్చుగల్‌లోనే డోరో లోయలో మట్టి లేదు, అంతా పలకరాయి," అందామె. "నీళ్ళ కోసం వేర్లు రాతి పగుళ్ళలోంచి ఎంతో లోతుకి దిగాలి. తీగ ఎంత కష్టపడితే వైన్ అంత గొప్పది."

చెయ్యెత్తాను.

"మీరు ఎప్పుడైనా ద్రాక్ష పెంచారా?"

"లేదు. రాజేంద్రనగర్‌లో నేలల మీద పిహెచ్‌డీ చేశాను."

"అయితే తీగని అడిగినవాళ్ళు ఎవరూ లేరన్నమాట."

"తీగని ఏమని అడగాలి?"

"కష్టం బాగుందా అని."

ఆమె చాక్‌పీస్ బల్లమీద పెట్టింది. "పుస్తకాలన్నీ అదే చెబుతాయి."

"పుస్తకం రాసినవాడు ఎండలో నిలబడి ఉండడు."

క్లాసు అయిపోయాక తలుపు దగ్గర ఆగింది. బయట వాన. నా దగ్గర గొడుగు ఉంది, ఆమె దగ్గర లేదు.

"మీ పేరు?"

"గోపాల్."

"నా పేరు విజయశ్రీ. మాది తెనాలి."

"అనుకున్నాను. ఎదుటివాడు మాట పూర్తి చేసేదాకా ఆగలేదు మీరు."

"మీరు పూర్తి చేస్తే కదా. సగం చెప్పి మొహం చిట్లిస్తారు."

గొడుగు ఇచ్చాను. నేను తడుస్తూ కారు దాకా నడిచాను. అందులో ప్రేమ ఏమీ లేదు. తెనాలి మనిషికి జలుబు చేస్తే వచ్చే వారం క్లాసు ఉండదు, కట్టిన డబ్బు దండగ.

మరుసటి శనివారం ఆమె గొడుగు తేలేదు.

"మర్చిపోయాను," అంది. "హైదరాబాద్‌లో ద్రాక్షతో వైన్ ఎందుకు కాదో చెప్పండి. రాయి అదే, పందిరి అదే."

"చలి లేదు. పోర్చుగల్‌లో తీగ చలికాలం ఆకు రాల్చి నిద్రపోతుంది. మా దగ్గర నిద్రే లేదు. వేసవిలో ఒకసారి, దసరా వెళ్ళాక ఒకసారి కత్తిరిస్తాం. కోస్తేనే మళ్ళీ చిగురేస్తుంది. కాయ పెద్దది, నీళ్ళ కాయ. తినడానికి బాగుంటుంది. అంతే."

"ఏడాది పొడుగునా మెలకువ."

"అవును. అలిసిపోయిన తీగ అది."

ఆమె నావైపు కొంచెం ఎక్కువసేపే చూసింది. తర్వాత బోర్డువైపు తిరిగి మిన్యోలో వాన ఎంత పడుతుందో రాయడం మొదలుపెట్టింది. వాన ఎక్కువ, ఎండ తక్కువ, కాబట్టి పులుపు. అక్కడి తెల్లవైన్ నోట్లో పెట్టుకున్నాను. పచ్చి మామిడికాయ కొరికినట్టుంది.

"ఎలా ఉంది?"

"పప్పులో వేసుకోవచ్చు."

"వేసి చూడకండి. పప్పు పాడవుతుంది."

ఇలా కొన్ని శనివారాలు నడిచాయి. స్పెయిన్‌లో రియోహా ప్రాంతానికి ఉత్తరాన కొండలున్నాయని, సముద్రపు చలిగాలిని అవి ఆపుతాయని చెప్పింది. అక్కడి ద్రాక్ష పేరుకి త్వరగా పండేదని అర్థమట. "తెనాలి ద్రాక్ష," అన్నాను. క్లాసు మధ్యలో నవ్వి, ఎందుకు నవ్విందో అమెరికావాళ్ళకి చెప్పలేక దగ్గింది.

దక్షిణ స్పెయిన్ రోజు వచ్చింది. హెరెజ్. తెల్లగా సున్నంలా ఉన్న నేల, పైన మాడ్చే ఎండ.

"ఇక్కడ తీగ కష్టపడుతోందనుకుంటారు," అని మొదలుపెట్టింది. "నేనూ అలాగే చెప్పేదాన్ని. ఈ వారం మళ్ళీ చదివాను. ఈ తెల్లమట్టి చలికాలం వాననంతా పీల్చుకుంటుంది. ఎండ రాగానే పైన పొరలా గట్టిపడుతుంది. లోపలి తడి ఆరిపోదు. వేసవంతా తీగకి కొంచెం కొంచెంగా ఇస్తుంది. గొప్పతనం కష్టానిది కాదు. కింద ఎవరో నీళ్ళు దాచిపెట్టారు, అందుకే బతికింది. డోరోలో కూడా అంతే. పగుళ్ళ అడుగున తడి లేకపోతే వేరు అంతదూరం దిగి లాభం లేదు. మొదటి రోజు నేను చెప్పిన మాట తప్పు."

క్లాసు రాసుకుంది. ఆమె నావైపు చూడలేదు.

నాలుగేళ్ళలో అన్న మాట వెనక్కి తీసుకున్న మనిషిని చూడటం అదే మొదటిసారి. అక్కడే పడిపోయాను. ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గు లేదు.

చివర్లో ఒక మాట చెప్పింది. తర్వాతి క్లాసే ఆఖరిది. కాలిఫోర్నియాలో ఒక ద్రాక్ష పరిశోధన కేంద్రం తనకి ఉద్యోగం ఇస్తానందట. నెలాఖరు సోమవారం లోపల అవునో కాదో చెప్పాలి.

వెళ్ళవద్దని ఎలా చెప్పను? ఇంటర్ తప్పినవాణ్ణి, బాటిళ్ళు అమ్మేవాణ్ణి, నలభై ఆరేళ్ళవాణ్ణి. ఆఖరి క్లాసుకి వెళ్ళలేదు.

ఆ వారమే రాధారాణి ఫోన్ చేసింది. ఐసెలిన్‌లో ఉంటుంది. నా భార్య పనిచేసిన హాస్పిటల్‌లో డాక్టర్ అచ్యుతరావుగారి భార్య. నన్ను అన్నయ్య అంటుంది. కష్టం గురించి మాట్లాడనివాళ్ళలో ఆ దంపతులు ఉన్నారు, అందుకే ఇంకా పలుకుతాను.

"ఆదివారం మా ఇంటికి రండి అన్నయ్యగారూ. ఒకావిడ వస్తోంది. మంచి మనిషి. కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. ఫొటో పంపనా?"

"వద్దు."

"మనిషి వద్దా, ఫొటో వద్దా?"

"రెండూ."

"వచ్చి వద్దనండి. ఫోన్‌లో వద్దంటే నేను వినను."

వద్దని చెప్పడానికే వెళ్ళాను. మనసులో తెనాలి మనిషిని పెట్టుకుని ఇంకొకరి ఎదుట కూర్చోవడం తప్పు. అది మొహం మీద చెప్పేసి రావాలనుకున్నాను.

సోఫాలో విజయశ్రీ కూర్చుని ఉంది. చీర కట్టుకుంది.

రాధారాణి చేతికిచ్చిన కాఫీ కప్పు ఎత్తి, మళ్ళీ దించాను. విజయశ్రీ కళ్ళతో ఆపింది. మాట్లాడకండి అన్నట్టు. రాధారాణికి మా క్లాసు సంగతి తెలియదు, కెమిస్ట్రీ అనే చెప్పి ఉంటుంది. వైన్ పేరెత్తితే ఆ ఇంట్లో ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు.

"గోపాల్‌గారికి నూవర్క్‌లో బిజినెస్," అంది రాధారాణి. "గ్రోసరీ లాంటిది."

"ఏం అమ్ముతారు?" అని అడిగింది విజయశ్రీ, ఏమీ ఎరగనట్టు.

"ద్రవపదార్థాలు."

"వెనిగరా?"

"ఎక్కువ రోజులు ఉంచితే వెనిగరే."

రాధారాణి గర్వంగా చూసింది. మాట కలిసిందనుకుంది.

"మీ క్లాసులో ప్రాక్టికల్స్ ఉంటాయా?" అన్నాను.

"ఉంటాయి. స్టూడెంట్లు నోట్లో పోసుకుని ఉమ్మేస్తారు."

"ఈ అమెరికా పిల్లలకి బొత్తిగా మర్యాద లేదమ్మా," అంది రాధారాణి.

"ఒకరైతే మరీ మొండి," అంది విజయశ్రీ. "ప్రతిదానికీ ఎదురు ప్రశ్న. ఆఖరి రోజు చెప్పాపెట్టకుండా మానేశాడు."

"ఫెయిల్ చెయ్యకపోయారా?"

"ఆలోచిస్తున్నాను."

అచ్యుతరావుగారు నన్ను బేస్‌మెంట్‌లోకి లాక్కెళ్ళి, తన స్కాచ్ అయిపోయిందని, రాధకి తెలియకుండా తెమ్మని చెవిలో చెప్పారు. పైకి వచ్చేసరికి విజయశ్రీ లేచి నిలబడి ఉంది.

"నేను రైలుకి వెళ్ళాలి. వీరు మెట్రోపార్క్ స్టేషన్‌లో దింపుతారా?"

"దింపుతారు, దింపుతారు," అంది రాధారాణి. నన్ను ఎవరూ అడగలేదు.

స్టేషన్ బయట కారు ఆపాను. వాన మొదలైంది. ఆమె దిగలేదు.

"మీకు ముందే తెలుసా?" అన్నాను.

"ఫొటో చూపించారు. మీరు చూడలేదా?"

"వద్దనడానికి వచ్చేవాడికి ఫొటో ఎందుకు?"

"వద్దనడానికి వచ్చారా?"

"లోపలికి వచ్చి మిమ్మల్ని చూసేదాకా."

ఆమె కిటికీవైపు తిరిగింది. నవ్వు దాచుకోవడానికే అనుకుంటాను.

"నాకు ఒక పెళ్ళి అయింది, చెడింది," అంది. "వివరాలు కావాలా?"

"వద్దు."

"వంట రాదు."

"నాకు వచ్చు."

"రేపే సోమవారం. వాళ్ళకి ఫోన్ చెయ్యాలి. మీరు ఏమైనా చెబుతారని ఆఖరి క్లాసంతా తలుపువైపే చూశాను. ఏం చెప్పానో కూడా తెలియకుండా రెండు గంటలు చెప్పాను."

ఉండిపోండి అని అడగవచ్చు. అడిగితే ఉండిపోతుందేమో కూడా. కానీ నా కోసం తన పని వదులుకునే బతుకు నేను ఎవరికీ ఇవ్వదల్చుకోలేదు.

"ఉద్యోగం తీసుకోండి," అన్నాను.

ఆమె మొహం పాలిపోయింది. తలుపు పిడి మీద చెయ్యి వేసింది.

"షాపు అమ్మేస్తాను. నేనూ వస్తాను."

చెయ్యి ఆగింది.

"నేను రమ్మనలేదుగా ఇంకా."

"రమ్మనండి."

"కాలిఫోర్నియాలో ఏం చేస్తారు?"

"మీరు చదివింది తప్పో ఒప్పో తీగ దగ్గర నిలబడి చెబుతాను. జీతం ఇస్తే తీసుకుంటాను."

"ఇవ్వరు."

"అయినా చెబుతాను."

ఆమె నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. రైలు వచ్చిన చప్పుడైంది. కదల్లేదు. మెల్లగా అడిగింది.

"ఆవిడ పేరేమిటి?"

నాకు వెంటనే అర్థం కాలేదు. అందరూ పోయినావిడ అంటారు, లేదా ఏమీ అనరు. నేను కూడా ఆ పేరు పైకి అనడం మానేశాను.

"శశికళ."

"శశికళగారికి మీమీద కోపం వస్తే ఏం చేసేవారు?"

"అదెందుకు?"

"తెలుసుకోవాలిగా. ఏది పనిచేస్తుందో."

"మాట్లాడేది కాదు. హాస్పిటల్ నుంచి వచ్చి, యూనిఫాం కూడా మార్చకుండా, ఇల్లంతా వాక్యూమ్ చేసేది. నేను ఎక్కడ కూర్చుంటే అక్కడికి వచ్చి నా కాళ్ళ కింద చేసేది. ఒకసారి నేను మంచమెక్కాను. మంచం మీద కూడా చేసింది."

విజయశ్రీ సీట్లో వెనక్కి వాలి నవ్వింది. నేనూ నవ్వాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

"ఇంకా?" అంది.

ఇంకో రైలు వచ్చింది, వెళ్ళింది. నేను చెబుతూనే ఉన్నాను.