వెర్మెంటీనోలోకి రొయ్యలు

విదేశీ ముఠా కేసులో మొదటి సాక్షి అట్లాంటా ఎయిర్‌పోర్ట్‌లో కాఫీ తాగుతూ కుప్పకూలాడు. రెండో సాక్షి, ఇంజనీర్ వీరభద్రరావు, ఇంకా బతికే ఉన్నాడు.

"ఎనిమిదింటి దాకా కాపాడితే చాలు." దేదీప్య చెవిలోని బటన్ సైజు రిసీవర్‌లో చీఫ్ వెంకటస్వామి గొంతు. "పవర్ గ్రిడ్‌లో ఆ విదేశీ ముఠా పెట్టిన మాల్‌వేర్‌ని ఆపే నలభై అంకెల కోడ్ ఆయన తలలోనే ఉంది. ఆయన పోతే ఆరు రాష్ట్రాలు చీకటే. ఎనిమిదింటికి ఎస్కార్ట్ కార్ వస్తుంది. కోడ్ వర్డ్స్?"

"రొయ్యలంటే ఆల్ క్లియర్. మటన్ అంటే డేంజర్."

అట్లాంటా శివారు అల్ఫారెట్టాలోని ఓ ఇటాలియన్ రెస్టారెంట్‌లో దేదీప్య నల్ల ఏప్రన్ కట్టుకుని, ఏ వంటకంలోకి ఏ వైన్ బావుంటుందో చెప్పే ఉద్యోగి వేషంలో ఉంది. వీరభద్రరావు ఎదురుగా, ఆయన కూతురి స్నేహితురాలిలా కూర్చున్న రష్మి కూడా ఏజెంటే. ఎర్ర గౌను, వజ్రాల దుద్దులు. హాల్లో సగం కళ్లు ఆమె మీదే. విషం కలిసిందేమోనని వైన్ స్కాన్ చేయడం దేదీప్య పని. ఫుడ్ స్కాన్ చేయడం రష్మి పని.

ఏడూ యాభై రెండు.

"సార్డీనియా ద్వీపం వెర్మెంటీనో సార్," అంటూ దేదీప్య లేత పసుపు వైన్ గ్లాసులో పోసింది. "నిమ్మ వాసన, చివర్లో బాదంపప్పు చేదు. సముద్రపు గాలికి పండిన ద్రాక్ష. రొయ్యల్లోకి దీన్ని మించింది లేదు."

రెండు ప్లేట్లు వచ్చాయి. వెల్లుల్లి, నిమ్మరసంలో వేగిన రొయ్యలు. రష్మి రెండు తినేసింది. వీరభద్రరావు మాత్రం తన ప్లేట్‌ని వేలి చివరతో పక్కకి జరిపాడు.

"ఇవాళ శనివారం కదమ్మా. నాన్‌వెజ్ ముట్టను."

రష్మి ఫోర్క్ ఆగిపోయింది. మూడు నెలలు ఆయన ఫైల్ చదివింది. బ్లడ్ గ్రూప్, చెప్పుల సైజు కూడా తెలుసు. కానీ న్యూజెర్సీలో పుట్టి పెరిగిన ఆమెకి శనివారం సంగతి తట్టలేదు.

"మరి వైన్ తాగుతున్నారు కదా అంకుల్! జస్ట్ వన్ పీస్, ప్లీజ్."

"అది ద్రాక్ష. ప్యూర్ వెజ్." ఆయన ఓ గుటక వేసి, ప్లేట్‌ని ఆమె ముందుకు నెట్టాడు. "నువ్వే లాగించెయ్. ఫుడ్ వేస్ట్ చేస్తే నాకు మనసొప్పదు."

"నో అంకుల్... నాకు ష్రింప్ అలర్జీ."

దేదీప్య చూపు రష్మి ప్లేట్ మీద పడింది. అక్కడ రెండు తోకలున్నాయి. తన ప్లేట్‌లో రొయ్యలు పడ్డాయి, ఆయన ప్లేట్‌లోవి పడవా? ఆ ప్లేట్‌ని స్కాన్ చేసింది రష్మే!

ఏడూ యాభై ఎనిమిది.

"ఈ వైన్," కాలర్‌లోని మైక్‌కి వినబడేలా అంది, "మటన్‌లోకి కూడా బావుంటుంది సార్."

వెర్మెంటీనోలోకి మటన్ తినమని ఆ వృత్తిలో ఉన్నవాళ్లెవరూ నోరు జారి కూడా అనరు. ఆ కోడ్ రష్మికీ తెలుసు. ఆమె చెయ్యి పర్సులోకి వెళ్లి లిప్‌స్టిక్‌తో బయటికొచ్చింది. దాని మూతి వీరభద్రరావు గుండె వైపు తిరిగింది.

"దేదీ, కదిలావో..."

దేదీప్య కదిలింది. బాటిల్ గిర్రున తిరిగి రష్మి మణికట్టు మీద పడింది. టప్‌మన్న చప్పుడు. బుల్లెట్ గురి తప్పి ప్లేట్‌ని ముక్కలు చేసింది. మరుక్షణం రష్మి చేతులు ఏప్రన్ తాడుతో వెనక్కి బిగుసుకున్నాయి.

బయట ఎస్కార్ట్ కార్ హారన్.

"నంబర్ గుర్తుందా సార్?"

"ఒక్క అంకె కూడా పోలేదు." వీరభద్రరావు లేచాడు. రెండడుగులు వేసి ఆగాడు. "ఒక్క డౌటమ్మా. ఇంట్లో మా ఆవిడ దొండకాయ వేపుడు చేసి పెట్టింది. అందులోకి ఈ వైన్ సూటవుతుందా?"

తుపాకీ ముందు తడబడని దేదీప్య అక్కడ తడబడింది. ఏజెన్సీ ట్రైనింగ్‌లో ఆ ప్రశ్నకి జవాబు నేర్పలేదు.