కొలెట్ బుట్టలో ఎర్రాకులు

కొండవాగు నీళ్లు సీసాల్లో పట్టడం ఆర్లో పని. రాలే ఆకులను బుట్టల్లో పట్టి లెక్కించడం కొలెట్ పని. న్యూ హాంప్‌షైర్ అడవిలో ఒకే పరిశోధన కేంద్రంలో రెండేళ్లుగా కలిసి తింటున్నా, అతను ఆమెతో మాట్లాడిందంతా వాన గురించే. ఆమె ఎదురైతే మిగతా మాటలేవీ బయటికి వచ్చేవి కావు.

ఆ అక్టోబరులో అతనికి గొప్ప ఉపాయం తట్టింది. వాగు గట్టున మంచి ఎర్రటి మేపుల్ ఆకులు ఏరి, దోసెడు తెచ్చి కొలెట్ బుట్టలో వేసి వచ్చాడు. చూసి మురిసిపోతుందని ఆశ. ప్రేమలో పడ్డవాడి బుర్ర ఎలా పనిచేస్తుందో చెప్పేదేముంది.

కొలెట్ ఉత్తినే మురిసిపోలేదు, ఆనందం పట్టలేక ఏకంగా ఏడ్చేసింది. ఆమ్ల వర్షాలు ఆ కొండ మట్టిలోని కాల్షియాన్ని కడిగేయడంతో అక్కడి మేపుల్ చెట్లు నీరసించాయి. ఆమె కాల్షియం చల్లి, అవి మళ్లీ ఆకు నిండుగా వేస్తాయా అని ఎదురుచూస్తోంది. ఇప్పుడు బుట్టలో ఇన్ని ఆకులు! ప్రొఫెసర్‌కు మర్నాడే చెబుతానంటూ వంటింట్లో అందరినీ కౌగిలించుకుంది, ఆర్లోను కూడా.

ఆర్లో నోరు మూసుకుంటే ప్రొఫెసర్ ముందు ఆమె పరువు పోతుంది. తెరిస్తే ఆమె మళ్లీ తన మొహం చూడదు. అయినా వెళ్లి ఆమె ముందు నిలబడ్డాడు.

“ఆ ఆకులు బుట్టలో వాటంతటవే రాలినవి కావు, కొలెట్. నేనే వేశాను.”

“ఎందుకు?”

“నీకు నచ్చుతాయని.”

ఆమె మండిపడింది. నీ నీళ్ల సీసాలో నేను పంచదార కలిపితే నీకెలా ఉంటుందని కడిగేసింది. ఆ బుట్టను లెక్కలోంచి తీసేసి, మర్నాడు మిగతా బుట్టల్లోని ఆకులన్నీ తనతో కూర్చుని వేరుచేయమని హుకుం జారీచేసింది.

పొద్దున్నుంచీ ఇద్దరూ బీచ్ చెట్ల ఆకులు ఒక పక్కకు, బర్చ్ చెట్లవి ఒక పక్కకు తీస్తూనే ఉన్నారు. మధ్యాహ్నానికి అడుగున ఒక మేపుల్ ఆకు దొరికింది, తర్వాత మరికొన్ని. పోయినేడు కంటే కాస్త ఎక్కువే. అనుమానంగా చూస్తున్న ఆమెతో ఆర్లో, తన చెయ్యి వీటి మీద పడలేదని ఒట్టేశాడు. కొలెట్‌కు నవ్వొచ్చింది.

“ఇష్టమైతే నన్ను అడగాలి గానీ, నా బుట్టలు పాడుచేస్తారా?”

“అడిగితే కాదంటావేమోనని.”

“అడిగి చూడు.”

ఆర్లో అడిగాడు. కొలెట్ కాదనలేదు.