నేను కాదండీ, అద్దమే

కొత్త ఇంట్లో పని పూర్తవగానే నేను చిన్న గారడీ ఒకటి చేస్తాను. గోడకు బిగించిన టచ్ పానెల్ మీద, సరిగ్గా అద్దం నడిమధ్యన, స్క్రూడ్రైవర్ పిడితో ఠంగుఠంగుమని నాలుగు దెబ్బలు వేస్తాను. ఇంటివాళ్ళు గుండెలు చేత్తో పట్టుకుంటారు. అద్దం మీద గీత కూడా పడదు. "చూశారుగా! దీపాలు, ఫ్యాన్లు, కిటికీ తెరలు, అన్నీ దీని చేతిలోనే. పిల్లలు బంతి విసిరినా దీనికి ఢోకా లేదు" అంటాను. పన్నెండేళ్ళుగా ఇదే మాట చెప్పుకుని బతుకుతున్నాను.

చెప్పని మాట ఒకటుంది. ఆ అద్దం మధ్యలో ఎంత మొండిదో అంచుల దగ్గర అంత సుకుమారం. అంచున ఆవగింజంత పెచ్చు లేచినా ఇక దాన్ని నమ్మడానికి లేదు. పైగా స్క్రూ ఒక్క చుట్టు ఎక్కువ బిగిస్తే, ఏదో ఒక రోజు ఎవరూ ముట్టుకోకుండానే పగులుతుంది.

అలా పెచ్చు లేచిందని ఒకాయన వద్దన్న పానెల్‌ని నేను మా ఇంటికి పట్టుకెళ్ళాను. పారేయడానికి చేతులు రాలేదు.

"ఊళ్ళో వాళ్ళ గోడలకి మేలిరకం, మన గోడకి తాలు సరుకా?" అంది మా ఆవిడ.

"పనిచేస్తుందిగా, నీకెందుకు?"

"నాక్కాక ఇంకెవరికండీ? రోజంతా దాని మొహం చూసేది నేనేగా!"

ఆవిడకి గుండె దడ. ఉన్నట్టుండి కళ్ళు తిరిగి ఎక్కడుంటే అక్కడే చతికిలబడేది. ఫోన్ చూస్తే ఎప్పుడూ పడకగదిలోనే మరిచిపోయేది. అందుకని పానెల్‌ని వంటగది గుమ్మం పక్కన, నేల మీద కూర్చున్నా చెయ్యి అందేంత కిందికి బిగించాను. కుడివైపు కింది మూలన ఎర్రటి గుర్తు పెట్టాను. అది నొక్కితే నేనెక్కడున్నా నా ఫోన్ మోగుతుంది, ఎత్తితే పానెల్‌లోంచే మాట్లాడొచ్చు. నా తెలివికి నేనే మురిసిపోయి ఆ మూలనున్న స్క్రూని ఇంకో చుట్టు తిప్పాను.

నెల తిరక్కుండా ఆ మూలనుంచే పగులు పాకింది, వెంట్రుక మందాన. పగిలిన పానెల్ తనని తానే నొక్కుకుంటుందని మా పనివాళ్ళకి తెలుసు. ఎవరూ ముట్టకుండానే దీపాలు వెలిగేవి, ఆరేవి. పట్టపగలు కిటికీ తెరలు మూసుకునేవి. నా ఫోన్ మోగేది. ఎక్కడో నిచ్చెన మీద ఉండి కంగారుగా ఎత్తితే ఆవిడ నవ్వు వినిపించేది.

"నేను కాదండీ. అద్దమే."

రోజుకి పదిసార్లు ఇదే వరస. రేపు మారుస్తాలే అనేవాణ్ణి. దాని స్థానంలో పెట్టాల్సిన కొత్త పానెల్ నా వ్యాన్‌లోనే ఉంది. పదకొండు రోజులు అది నాతో పాటు ఊరంతా తిరిగింది.

పన్నెండో రోజు సాయంత్రం నాలుగూ ఇరవైకి నేను ఒక పెద్ద ఇంట్లో గారడీ చేస్తున్నాను. జేబులో ఫోన్ మోగింది. ఆగి మళ్ళీ మోగింది. మళ్ళీ.

"ఎవరో పాపం తొందరపడుతున్నట్టున్నారే" అన్నాడు ఇంటాయన.

"ఎవరూ లేరండీ, మా ఇంట్లో అద్దం పగిలింది. దాని గోలే ఇది" అని నవ్వి ఫోన్ నోరు నొక్కేశాను. ఆయనా నవ్వాడు. ఆ నవ్వు నాకింకా వినిపిస్తూనే ఉంటుంది.

నేను ఇంటికి చేరేసరికి ఆవిడ గుమ్మం పక్కన గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్ళు చల్లబడింది. చూపుడువేలు ఎర్ర గుర్తు మీదే ఉంది.

పానెల్ మీద పడిన ప్రతి వేలి లెక్కా నా ఫోన్‌లోకి వస్తుంది. ఆ రాత్రి చూశాను. పగుళ్ళ నొక్కుళ్ళు రెప్పపాటు కూడా ఉండవు. మనిషి వేలు కాస్త నిలుస్తుంది. ఆవిడ నలభై ఒక్కసార్లు నొక్కింది. ఆఖరిది పంతొమ్మిది నిమిషాలు, వేలు చల్లబడేదాకా. ఒక్కసారి ఆ లెక్క చూస్తే తేడా ఇట్టే తెలిసేది. పనివాణ్ణి కదా, నాకంతా ముందే తెలుసనుకున్నాను.

తర్వాత పాత పానెల్ ఊడదీసి కొత్తది పెట్టాను. అంచుల చుట్టూ రబ్బరు వేసి, స్క్రూలు చేత్తోనే తిప్పాను. ఎంత జాగ్రత్తగా చేశానో చెప్పలేను. ఎవరి కోసమంటే ఏం చెప్పను? చెయ్యకుండా ఉండలేకపోయాను.

ఆ మర్నాడు సాయంత్రం నాలుగూ ఇరవైకి ఫోన్ మోగింది. ఇంటి పానెల్ నుంచి.

చేతిలో పని అలాగే వదిలేసి పరుగెత్తాను. తాళం వేసినట్టే ఉంది. లోపల కిటికీ తెరలన్నీ మూసి ఉన్నాయి, బయట ఎండ కాస్తున్నా ఇంట్లో గుడ్డి చీకటి. ఆవిడ గుండెకి రాసుకునే తైలం వాసన వేసింది. పానెల్ ఒక్కటే వెలుగుతోంది. నేను దగ్గరికి వెళ్ళగానే మోత ఆగిపోయింది. అద్దం మీద వేలిముద్రలు కనిపించాయి. గుడ్డతో తుడిచాను. పోలేదు. గోటితో గీకి చూస్తే అప్పుడర్థమైంది. ముద్రలు నా వైపు లేవు.

భయం వేయాలి కదా? నాకు ఏడుపొచ్చింది. ఆవిడే వచ్చిందనుకున్నాను. నా మీద కోపంతోనైనా సరే, వచ్చింది.

ఆపైన రోజూ నాలుగింటికల్లా ఇంటికి చేరేవాణ్ణి. ఆవిడ కూర్చున్న చోటే కూర్చునేవాణ్ణి. సరిగ్గా సమయానికి తెరలు సరసరమని మూసుకునేవి. ఫోన్ మోగేది. ఒక్క మోతకే ఎత్తి, "వచ్చాను... ఇదిగో ఇక్కడే ఉన్నా" అనేవాణ్ణి. అటునుంచి పలుకు ఉండేది కాదు. పోనీలే, ఆలస్యం కాలేదు కదా అని గుండెని సముదాయించుకునేవాణ్ణి. అప్పుడప్పుడు వెనకాల వంటగదిలో గిన్నె కదిలిన చప్పుడయ్యేది. గాలి అనుకుని తల తిప్పేవాణ్ణి కాదు.

పదకొండో రోజు లోపలి వైపు వేళ్ళు కాదు, పూర్తి అరచెయ్యే కనిపించింది. నేనూ నా అరచెయ్యి ఆనించాను. అద్దం వెచ్చగా ఉంది.

"తప్పు నాదే. ఒక్కసారి మాట్లాడవూ..." అన్నాను.

అద్దం ఇంకా వేడెక్కింది. చెయ్యి తీయబోయాను... రాలేదు. అటువైపునుంచి ఎవరో పట్టి లాగుతున్నట్టుంది. అద్దం మెల్లగా లోపలికి వంగుతోంది. పగలట్లేదు. వంగుతోంది...

తైలం వాసన గుప్పుమంది. అద్దంలోంచి కాదు.

వెనకనుంచి.

నా మెడ దగ్గర, వణుకుతున్న గొంతు...

"నేను కాదండీ..."

తల తిప్పబోయాను.

"అద్దమే. చెయ్యి తీసేయండి..."

రెండో చేత్తో స్క్రూడ్రైవర్ అందుకున్నాను. మధ్యలో కాదు, అంచున ఒక్క పోటు పొడిచాను. అద్దం భళ్ళుమంది. వెనక్కి పడ్డాను. లేచి చూస్తే వంటగదిలో ఎవరూ లేరు. పొయ్యి గట్టు మీద ఒక గ్లాసు బోర్లించి ఉంది, పొద్దున నేను వదిలేసిన చోట కాదు.

అప్పుడు లెక్క తెరిచాను. ఆ పదకొండు రోజుల నొక్కుళ్ళన్నీ రెప్పపాటువే. ఒక్కటీ మనిషిది కాదు. పదకొండు రోజులూ ఆవిడ నా వెనకాలే ఉంది. నేను మళ్ళీ అద్దానికే జవాబిస్తూ కూర్చున్నాను. ఇంతకన్నా గుడ్డివాడు ఉంటాడా?

తీగలు కత్తిరించేశాను. ముక్కలతో సహా పానెల్‌ని గోనెసంచిలో మూటకట్టి వ్యాన్ వెనకాల పడేశాను. ఆ రాత్రంతా వంటగదిలోనే కూర్చున్నాను. పిలిచాను. బతిమాలాను. గిన్నె కదల్లేదు, వాసన రాలేదు.

మర్నాడు, అంటే నిన్న, ఒక ఇంట్లో పనిలో ఉండగా నాలుగూ ఇరవైకి ఫోన్ మోగింది. ఇంటి పానెల్ అని చూపిస్తోంది. కరెంటు లేదు, తీగ లేదు, అద్దమే లేదు. నన్ను ఇంకెంత ఏడిపిస్తావే అద్దమా అనుకున్నాను. ఆవిడ చెప్పిన మాట తలుచుకున్నాను. నేను కాదండీ. పళ్ళు బిగించి, ఫోన్ నోరు నొక్కి జేబులో పెట్టుకున్నాను.

సాయంత్రం వ్యాన్‌లో కూర్చుని లెక్క తెరిచాను. ఒక్కటే నొక్కుడు ఉంది.

పంతొమ్మిది నిమిషాలు.