హౌ కార్యదర్శి నాలుగు పేజీలు

“ఒంటిగంటన్నరకు స్టేషను బస్సు కదులుతుంది. ఆలోపు ఫిల్ము దొరకాలి,” అన్నాడు భద్రతా విభాగం చీఫ్ తాంగ్.

పెకింగ్, 1962 జనవరి. పంటల లెక్కలు అబద్ధాలని, జనం ఆకలితో చచ్చారని పార్టీ తనలో తాను ఒప్పుకోవడానికి పెట్టుకున్న మహాసభ. మధ్యాహ్నం రెండింటికి కౌంటీ కార్యదర్శి హౌ తన నాలుగు పేజీల నివేదిక చదవాలి. పొద్దున అతను స్నానానికి వెళ్లినప్పుడు ఎవరో వాటిని ఫోటో తీశారు.

“రహస్యాలు అమ్ముకునే హాంగ్‌కాంగ్ ముఠా పని. వాళ్ల మనిషి ప్రతినిధి వేషంలో ఉన్నాడు, ఆ బస్సులోనే జారుకుంటాడు. ఆ పేజీలు విదేశీ రేడియోకెక్కితే హౌ విదేశీ ఏజెంటు అయిపోతాడు. కాల్చేస్తారు. ఆ తర్వాత నిజం చెప్పడానికి ఎవడూ నోరు తెరవడు.”

“అందర్నీ సోదా చేస్తే?” అడిగాడు ఏజెంట్ శెన్.

“సభ అక్కడే ఆగిపోతుంది. కొందరు పెద్దలకు కావలసిందీ అదే.”

పది నిమిషాల్లో శెన్ భోజనశాలలో ఉన్నాడు. ఒంటిమీద వంటవాడి ఏప్రన్, చేతిలో సూప్ గిన్నె. వెనకనుంచి సెంటు వాసన. పాటల బృందం నాయిక బై రోలిన్. ఇటు తాంగ్‌కూ అటు ముఠాకూ కబుర్లు అమ్మే మనిషి.

“ఏప్రన్ బానే నప్పింది, వంట మాస్టారూ!”

“మనిషెవరో చెప్పు.”

“మూడో బల్ల. కళ్లద్దాల పొడుగాయన.”

“అడగ్గానే ఎప్పుడూ నిజం చెప్పవుగా నువ్వు?”

“ఇవాళ అబద్ధాలకు తీరిక లేదు మరి.”

ఒంటిగంటా ఇరవై. శెన్ మూడో బల్ల దగ్గరికి నడిచాడు. పొడుగాయన ఖాళీ గిన్నెను శ్రద్ధగా నాకుతున్నాడు. పక్కన మియావ్ అనే యువకుడు. హౌకు పొరుగు కౌంటీ అని బ్యాడ్జీ. అతను పంది మాంసంలో ఎర్రటి భాగం కొరికి, తెల్లటి కొవ్వును గిన్నె అంచుకు నెట్టాడు.

“ఏమయ్యా, పారేస్తావా అది?” ఎదురుగా కూర్చున్న ముసలి హౌ దాన్ని లటుక్కున నోట్లో వేసుకున్నాడు. “మా వైపు దీనికోసం అన్నదమ్ములు తలలు పగలగొట్టుకుంటారు!”

శెన్ ఆగిపోయాడు. మూడు చలికాలాలు చెట్టు బెరడు తిన్న ప్రాంతం. అక్కడివాడు కొవ్వు వదులుతాడా?

“చేతులు కడుక్కొస్తా,” మియావ్ లేచాడు. బయట బస్సు ఇంజను గుర్రుమంది.

శెన్ తూలి, సలసల కాగే సూప్‌ను అతని ఛాతీ మీద ఒలకబోశాడు. మియావ్ కాలిన ఒంటిని వదిలేసి జేబులోని పెన్ను పట్టుకున్నాడు. శెన్ అతని మణికట్టు మెలిపెట్టాడు. పెన్నులో సిరా లేదు. గోరంత లెన్సు, చుట్టిన ఫిల్ము.

“పాపం, కామ్రేడ్‌కు కాలింది. డాక్టరు దగ్గరికి!” అరిచాడు శెన్. గిన్నెల్లోంచి ఎవరూ తలెత్తలేదు.

బస్సు వెళ్లిపోయింది. బై రోలిన్ కూడా.

రెండింటికి హౌ వేదికెక్కాడు. “పది మళ్ల వరి పీకి ఒక్క మడిలో గుచ్చి, రికార్డు పంట అని తనిఖీవాళ్లకు చూపించింది నేనే. ఆ అంకె పట్టుకుని ధాన్యమంతా ఊడ్చుకుపోయారు. మా కౌంటీలో ఎనిమిది వేల మంది పోయారు.”



సాయంత్రం తాంగ్ మహాసభ తీర్మానం చూపించాడు: పదింట మూడు వంతులు నాయకత్వం తప్పు, ఏడు వంతులు వాతావరణం తప్పు.

“హౌ తన వంతు ఒప్పుకున్నాడు, చీఫ్,” శెన్ కాగితం మడిచి ఇచ్చేశాడు. “వానదేవుడి ఆత్మవిమర్శ ఎప్పుడో?”